మునుగోడు: ఎవరు ఎవరితో కలిశారన్నదే ఫలితం

2022 నవంబరు 3న మునుగోడు అసెంబ్లీ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. 298 పోలింగ్ కేంద్రాల్లో ఓటరు ముందు మూడు బ్యాలెట్ యూనిట్లు పక్కపక్కనే పెట్టారు. ఒక్కో యూనిట్‌కు 16 మీటలు. మూడింటికీ కలిపి 48. బరిలో ఉన్నవాళ్లు 47 మంది, చివరి మీట నోటాది. ఒక్క మీట కూడా ఖాళీగా మిగల్లేదు. ఇంకొక్క అభ్యర్థి మిగిలి ఉంటే ప్రతి కేంద్రానికీ నాలుగో యూనిట్ తేవాల్సి వచ్చేది. ఇన్ని మీటల మధ్య నిజమైన పోరు సాగింది మాత్రం మొదటి యూనిట్ మీద, పై వరుసల్లో ఉన్న రెండు మూడు గుర్తుల మధ్యే.

ఆ ఎన్నికను చాలామంది డబ్బు కోణంలోనో, ఇద్దరు నాయకుల పంతంగానో చూశారు. రెండూ ఉన్నాయి. అయితే 1967 నుంచి 2023 దాకా మునుగోడు ఫలితాలను వరుసగా పేర్చి చూస్తే వేరే లెక్క ఒకటి కనిపిస్తుంది. ఈ నియోజకవర్గంలో గెలుపును నిర్ణయించేది చాలాసార్లు పది, ఇరవై వేల ఓట్ల గుత్తి. ఆ గుత్తి ఎర్రజెండా నీడన ఎదిగింది. పొత్తు కుదిరితే ఒక పార్టీకి చేరుతుంది, బెడిసికొడితే ఆ పార్టీ ఓడిపోతుంది.

మునుగోడు తెలంగాణలో 93వ నంబరు నియోజకవర్గం. మునుగోడు, చండూరు, మర్రిగూడ, నాంపల్లి మండలాలు నల్లగొండ జిల్లాలోవి. చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపురం 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లాయి. ఉప ఎన్నికకు కొద్ది నెలల ముందు గట్టుప్పల్‌ను కూడా కొత్త మండలం చేశారు. పార్లమెంటు లెక్కలో 2009కి ముందు ఈ ప్రాంతం నల్లగొండ లోక్‌సభ స్థానంలో ఉండేది, పునర్విభజన తర్వాత భువనగిరిలోకి వచ్చింది. రెండు జిల్లాలు, ఏడు మండలాలు, ఒక ఎమ్మెల్యే. పైకి ఇది పాలన వ్యవహారంలా కనిపిస్తుంది కానీ ఎన్నికల యంత్రాంగానికి నిజమైన తలనొప్పి. పోలీసు బందోబస్తు, తనిఖీ బృందాలు, సిబ్బంది శిక్షణ అన్నీ ఇద్దరు కలెక్టర్ల మధ్య సర్దుకోవాలి.

నియోజకవర్గం పై కొసకు, కింది కొసకు పోలిక లేదు. చౌటుప్పల్ హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద ఉంది. ఫ్యాక్టరీలు, రియల్ ఎస్టేట్, రోజూ నగరానికి వెళ్లి వచ్చే జనం అక్కడ కనిపిస్తారు. సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక తేలియా రుమాలు అనే చేనేత వస్త్రానికి పేరుపొందిన ఊరు. చండూరు, గట్టుప్పల్ వైపు కూడా మగ్గాలున్నాయి. కిందికి దిగితే మర్రిగూడ, నాంపల్లి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషుల ఫొటోలు దేశమంతా చూసింది ఈ ప్రాంతం నుంచే. చేనేత మీద జీఎస్టీ, తాగునీరు, శివన్నగూడెం రిజర్వాయరు కింద పోయిన భూములకు పరిహారం వంటి అంశాలు ఇక్కడ ప్రతి ప్రచారంలోనూ వస్తాయి. ఏ మండలంలో ఏది మాట్లాడాలో తెలియని అభ్యర్థి ఇక్కడ నెగ్గుకు రావడం కష్టం.

ఎర్రజెండా ఓటు ఎక్కడిదో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లా గుండెకాయ. 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో కమ్యూనిస్టులు పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) పేరుతో పోటీ చేశారు. నల్లగొండ లోక్‌సభ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. భువనగిరి అసెంబ్లీ స్థానంలోనూ ఆయనే గెలిచారు. చౌటుప్పల్ వైపు అప్పట్లో చినకొండూరు పేరుతో నియోజకవర్గం ఉండేది. 1957లో కొండా లక్ష్మణ్ బాపూజీ కాంగ్రెస్ తరఫున అక్కడ గెలిచారు. అంటే మునుగోడు అనే పేరు మ్యాపు మీదికి రాకముందే ఈ నేల మీద కాంగ్రెస్, కమ్యూనిస్టుల పోరు మొదలైంది. ఆ తర్వాత వచ్చిన మూడో పార్టీలు చాలావరకు ఈ ఇద్దరిలో ఒకరి పక్కన చేరి లాభపడినవే.

1967లో మునుగోడు నియోజకవర్గం ఏర్పడింది. అప్పటి నుంచి 1983 దాకా నాలుగు ఎన్నికల్లోనూ పాల్వాయి గోవర్ధన్‌రెడ్డే గెలిచారు. వీటిలో 1983 గెలుపును విడిగా చూడాలి. ఆ ఏడాది ఎన్టీ రామారావు గాలిలో కాంగ్రెస్ కోటలు ఎన్నో కూలాయి. మునుగోడు నిలబడింది. పాల్వాయి సొంత బలం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఆ ఎన్నికల్లో తెలుగుదేశానికీ కమ్యూనిస్టులకూ పొత్తు కుదరకపోవడం. కాంగ్రెస్ వ్యతిరేక ఓటు రెండు చోట్లకు పోయింది.

రెండేళ్లకే 1985 మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. ఈసారి పొత్తు కుదిరింది, సీపీఐ అభ్యర్థి ఉజ్జిని నారాయణరావు గెలిచారు. 1989లో రాష్ట్రమంతటా కాంగ్రెస్ తిరిగి అధికారంలోకి వచ్చినా మునుగోడులో ఆయనే నిలిచారు. 1994లోనూ ఆయనే. మూడుసార్లూ తెలుగుదేశం మద్దతు ఉంది. 1999లో చంద్రబాబు నాయుడు బీజేపీతో కలిశారు, కమ్యూనిస్టులు విడిగా వెళ్లారు. అయిదోసారి పాల్వాయి గెలిచారు. 1983లో జరిగిందే పదహారేళ్ల తర్వాత మళ్లీ జరిగింది: ప్రతిపక్షం చీలిన రోజు కాంగ్రెస్ లోపలికి వచ్చింది.

2004లో లెక్క తిరగబడింది. కాంగ్రెస్, టీఆర్‌ఎస్, వామపక్షాలు ఒక జట్టు. సీటు సీపీఐకి వచ్చింది, పల్లా వెంకట్‌రెడ్డి గెలిచారు. 2009లో అదే సీపీఐ కాంగ్రెస్‌ను వదిలి తెలుగుదేశం, టీఆర్‌ఎస్, సీపీఎంలతో మహాకూటమిలో చేరింది. ఉజ్జిని యాదగిరిరావు గెలిచారు. మిత్రులు మారారు, గెలిచిన గుర్తు కంకి కొడవలే. సీపీఐ మునుగోడులో గెలిచిన అయిదు ఎన్నికల్లో ఒక్కటి కూడా ఒంటరి పోరు కాదు. ఇక్కడ ఆ పార్టీ బలాన్ని అంచనా వేసేవారు చాలామంది ఈ సంగతిని పక్కన పెట్టేస్తారు. అయిదుసార్లు గెలిచింది కాబట్టి ఇది సీపీఐ కోట అంటారు. కోట కాదు. తాళంచెవి అంటే దగ్గరగా ఉంటుంది.

2014ను పైపైన చూస్తే ఈ వాదన తప్పినట్టు కనిపిస్తుంది. కాంగ్రెస్, సీపీఐ పొత్తులో ఉన్నాయి, సీటు సీపీఐకి వదిలారు. అయినా టీఆర్‌ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్‌రెడ్డి 65,496 ఓట్లు తెచ్చుకుని 38,055 ఆధిక్యంతో గెలిచారు. కొత్త రాష్ట్రం వచ్చిన ఊపు ఎలాగూ ఉంది. దానికి తోడు పొత్తు కాగితం మీదే మిగిలింది. సీటు దక్కని పాల్వాయి కుమార్తె స్రవంతి స్వతంత్రంగా నిలబడ్డారు. 27,441 ఓట్లతో రెండో స్థానం ఆమెదే. కాంగ్రెస్ ఓటరు తన ఓటును కంకి కొడవలికి బదిలీ చేయలేదు, పాల్వాయి ఇంటికి వేశాడు. తెలుగుదేశం మద్దతున్న బీజేపీ అభ్యర్థి ఆమెకు చాలా దగ్గరగా వచ్చారు. సీపీఐ ఇరవై వేల దగ్గర ఆగిపోయింది. పొత్తు ధర్మం నాయకుల మధ్య కుదిరినంత మాత్రాన బూత్‌లో కుదరదు. ముఖ్యంగా పెద్ద పార్టీ తన సీటును చిన్న పార్టీకి ఇచ్చినప్పుడు ఓటు సరిగా మారదు. చిన్న పార్టీ పెద్ద పార్టీకి ఇచ్చినప్పుడు బాగా మారుతుంది. కేడర్ క్రమశిక్షణ ఒక కారణమైతే, గెలిచే గుర్తు మీద ఓటు వేస్తున్నామన్న తృప్తి రెండోది.

2018 ఆ రెండో రకానికి ఉదాహరణ. సీపీఐ ఉన్న ప్రజాకూటమి తరఫున కాంగ్రెస్ అభ్యర్థిగా కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి పోటీ చేశారు. 2009లో భువనగిరి ఎంపీగా గెలిచిన ఆయనకు ఈ మండలాలు కొత్త కాదు. ఆయనకు 97,239, కూసుకుంట్లకు 74,687. ఆధిక్యం 22,552. రాష్ట్రమంతా టీఆర్‌ఎస్ ఊడ్చుకుపోయిన ఎన్నికల్లో ఈ అంకె చిన్నది కాదు.

2022 ఆగస్టు 8న రాజగోపాల్‌రెడ్డి రాజీనామా లేఖను స్పీకర్‌కు ఇచ్చారు. అదే నెల 21న మునుగోడు సభలో అమిత్ షా సమక్షంలో బీజేపీలో చేరారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్ ప్రకారం ఖాళీ అయిన సీటును ఆరు నెలల్లో నింపాలి. మిగిలిన పదవీకాలం ఏడాదిలోపే ఉంటే ఆ నిబంధన వర్తించదు. ఇక్కడ ఏడాది పైన ఉంది కాబట్టి ఎన్నిక తప్పదు. అక్టోబరు 3న షెడ్యూలు, 7న నోటిఫికేషన్, 14 దాకా నామినేషన్లు, 15న పరిశీలన, 17న ఉపసంహరణ గడువు. మధ్యలో అక్టోబరు 5న టీఆర్‌ఎస్ తన పేరును బీఆర్‌ఎస్‌గా మారుస్తూ తీర్మానం చేసింది. ఎన్నికల సంఘం ఆమోదం డిసెంబరులో గానీ రాలేదు. అందుకే మునుగోడు యంత్రాల మీద టీఆర్‌ఎస్ పేరే ఉంది. ఆ పేరుతో ఆ పార్టీ పోరాడిన చివరి అసెంబ్లీ ఎన్నిక అదే.

పోటీకి ముందే ఓటరు జాబితా మీద గొడవ మొదలైంది. కొత్తగా పేరు చేర్చమని దాదాపు 25 వేల ఫారం 6 దరఖాస్తులు కొద్ది వారాల్లోనే వచ్చిపడ్డాయి. ఇవి నకిలీవంటూ బీజేపీ హైకోర్టుకు వెళ్లింది. పరిశీలన తర్వాత వాటిలో సగానికి అటూఇటూ మాత్రమే జాబితాలోకి వచ్చాయి. ఉప ఎన్నిక ప్రకటన ఖాయమని తెలిసిన ప్రతి చోటా ఇదే జరుగుతుంది. హైదరాబాద్‌లో ఓటున్నవాళ్లు సొంతూరి చిరునామాతో మళ్లీ దరఖాస్తు పెడతారు. దీన్ని ఆపాల్సింది బూత్ స్థాయి అధికారి. ఆయన ఇంటికి వెళ్లి అడిగి, పాత చోట ఫారం 7తో పేరు తీయించాలి. రోజుకు వందల దరఖాస్తులు వస్తే అంగన్‌వాడీ టీచరో పంచాయతీ ఉద్యోగో అయిన ఆ మనిషి ఎన్ని గడపలు ఎక్కగలరు? తప్పు ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

130 మంది నామినేషన్ వేశారు. పరిశీలనలో 83 మంది మిగిలారు. 36 మంది వెనక్కి తగ్గాక లెక్క 47 దగ్గర ఆగింది. ఇది ఎక్కువే, కానీ ఈ నేలకు కొత్త కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ పీడను దేశం దృష్టికి తేవాలని జలసాధన సమితి పిలుపుమీద జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. మర్రిగూడ, నాంపల్లి గ్రామాలు అప్పుడు ఆ స్థానంలోనే ఉన్నాయి. అన్ని పేర్లు ఒక కాగితం మీద పట్టవు కాబట్టి బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది, పోలింగ్ వాయిదా పడింది. చివరికి సీపీఐ నేత బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది పోటీ చేశారు.

ఈ రెండింటి తర్వాత చట్టం మారింది. అప్పటిదాకా జనరల్ అభ్యర్థికి లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు, అసెంబ్లీకి 250. వాటిని 10 వేలకు, 5 వేలకు పెంచారు. తర్వాత ఇంకోసారి పెంచి లోక్‌సభకు 25 వేలు, అసెంబ్లీకి 10 వేలు చేశారు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు సగం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, మిగిలినవాళ్లకు పదిమంది కావాలి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటని అభ్యర్థికి డిపాజిట్ తిరిగి రాదు. తాగునీళ్ల కోసం చేసిన పోరాటం దేశమంతటికీ డిపాజిట్‌ను పెంచింది. నిరసన తెలపడానికి పేదవాడికున్న ఒక దారి అలా మూసుకుపోయింది. అయినా 10 వేలు పెట్టగలవాళ్లు తగ్గలేదని 47 అనే అంకె చెబుతోంది. వీళ్లలో కొందరు సొంత సమస్య మీద నిలబడ్డవాళ్లు. ప్రధాన పార్టీ ఓటు చీల్చడానికి ఎదుటివాళ్లు నిలబెట్టారన్న అనుమానం మరికొందరి మీద ప్రతిసారీ వస్తుంది.

ఆ అనుమానానికి మూలం గుర్తులు. టీఆర్‌ఎస్ కారు గుర్తు నలుపు తెలుపు గీతల్లో, బొటనవేలంత చోట అచ్చయితే ఎలా ఉంటుందో ఊహించాలి. దాని కింద రోడ్డు రోలర్ ఉంటే, చూపు తగ్గిన వృద్ధులు తడబడటంలో వింత లేదు. చపాతీ రోలర్‌కు కారుతో సంబంధం లేదనిపిస్తుంది. కానీ పీట మీద అడ్డంగా పెట్టిన కర్ర బొమ్మ చిన్నగా అచ్చయితే రూపం దాదాపు అలాగే కనిపిస్తుంది. మునుగోడు ఉన్న భువనగిరి లోక్‌సభ స్థానంలోనే 2019లో దీని దెబ్బ తెలిసింది. రోడ్డు రోలర్ గుర్తు మీద పోటీ చేసిన స్వతంత్ర అభ్యర్థికి 27,973 ఓట్లు వచ్చాయి. టీఆర్‌ఎస్ ఓడింది 5,219 ఓట్ల తేడాతో. 2020 దుబ్బాక ఉప ఎన్నికలో చపాతీ రోలర్‌కు 3,570 ఓట్లు పడ్డాయి, అక్కడ టీఆర్‌ఎస్ 1,079 ఓట్లతో ఓడింది. ఆ ఓట్లన్నీ పొరపాటున పడ్డాయని ఎవరూ నిరూపించలేరు. ఊళ్లో పేరు కూడా తెలియని అభ్యర్థికి 27 వేల ఓట్లు రావడానికి ఇంకో కారణం చూపడం కూడా కష్టమే.

ఈ గుర్తులు ఎలా వస్తాయి? 1968 నాటి గుర్తుల ఉత్తర్వు ప్రకారం గుర్తింపు పొందిన పార్టీలకు వాటి గుర్తు ఉంటుంది. మిగిలినవి స్వేచ్ఛా గుర్తులు. అభ్యర్థి నామినేషన్ పత్రంలో మూడు కోరికలు రాస్తాడు. ఒకే గుర్తును ఇద్దరు అడిగితే నమోదైన పార్టీ అభ్యర్థికి ముందు, స్వతంత్రుడికి తర్వాత. ఇద్దరూ స్వతంత్రులైతే చీటీలు తీస్తారు. యంత్రం మీద పేర్ల వరుసకూ ఒక పద్ధతి ఉంది. మొదట గుర్తింపు పొందిన పార్టీలవాళ్లు, తర్వాత నమోదైన చిన్న పార్టీలవాళ్లు, చివర స్వతంత్రులు. ఒక్కో గుంపులో తెలుగు అక్షర క్రమం. అందువల్ల స్వతంత్రుడికి రోడ్డు రోలర్ వస్తే అది రెండో, మూడో యూనిట్ మీదికి పోవచ్చు. నమోదైన పార్టీ అభ్యర్థికి వస్తే మొదటి యూనిట్ మీదే, కారుకు దగ్గర్లో కూర్చుంటుంది. మునుగోడులో రోడ్డు రోలర్ దక్కింది నమోదైన పార్టీ అభ్యర్థికి.

ఆ గుర్తును తొలగించాలని టీఆర్‌ఎస్ అభ్యంతరం చెప్పింది. ఒకసారి కేటాయించాక రిటర్నింగ్ అధికారి దాన్ని మార్చి ఆ అభ్యర్థికి బేబీ వాకర్ గుర్తు ఇచ్చారు. ఇక్కడ నిబంధన స్పష్టం. కేటాయింపు ఎన్నికల సంఘం ఆదేశాలకు విరుద్ధంగా ఉంటే తప్ప అదే అంతిమం, అధికారి తనంతట తాను మార్చలేడు. ఫిర్యాదు ఢిల్లీ చేరింది. రోడ్డు రోలర్ తిరిగి వచ్చింది, రిటర్నింగ్ అధికారిని తప్పించి కొత్తవారిని వేశారు. పోలికలున్న గుర్తుల మీద అభ్యంతరం న్యాయమైనదే కావచ్చు. దాన్ని స్వేచ్ఛా గుర్తుల జాబితా దగ్గరే, ఎన్నిక ప్రకటన రాకముందే తేల్చుకోవాలి. నామినేషన్లు ముగిశాక ఎవరి ఒత్తిడితో మార్చినా ఇంకో అభ్యర్థి హక్కు పోతుంది.

మూడు యూనిట్లు పెట్టినప్పుడు పోలింగ్ సిబ్బందికి పని పెరుగుతుంది. యూనిట్ లోపలి స్విచ్‌ను ఒకటి, రెండు, మూడు అని వరుసలో పెట్టాలి, కేబుళ్లు అదే వరుసలో కలపాలి. ఒకటి తప్పినా కంట్రోల్ యూనిట్ మీద లింకు లోపం కనిపించి యంత్రం ముందుకు కదలదు. పోలింగ్‌కు గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట మాక్ పోల్ జరుపుతారు. కనీసం 50 ఓట్లు వేయాలి, ప్రతి మీటనూ నొక్కి చూడాలి. మునుగోడులో 48 మీటలు కాబట్టి తలా ఒకటి వేస్తే మిగిలేవి రెండే. తర్వాత ఫలితాన్ని వీవీప్యాట్ (వేసిన ఓటును కాగితం చీటీ మీద చూపే యంత్రం) చీటీలతో సరిచూసి, కంట్రోల్ యూనిట్‌లోని లెక్క తుడిచేసి, ఆ చీటీలను వీవీప్యాట్ పెట్టెలోంచి తీసి నల్ల కవరులో సీలు వేయాలి. తొందరలో తుడవడం మరిచిపోతే ఆ 50 ఓట్లు అసలు ఓట్లతో కలిసిపోతాయి. అలాంటి యంత్రాన్ని లెక్కింపు రోజు పక్కన పెట్టాల్సి వస్తుంది.

2,41,805 మంది ఓటర్లలో 2,25,192 మంది ఓటేశారు. 93 శాతం పైన. ఓటు వేయనివాళ్లు పదహారు వేల చిల్లర మాత్రమే. చనిపోయిన, ఊరు వదిలిన పేర్లు ఏ జాబితాలోనైనా కొన్ని మిగిలే ఉంటాయి కాబట్టి, ఉన్నవాళ్లు దాదాపు అందరూ వచ్చినట్టే. వనస్థలిపురం, ఎల్బీనగర్ వైపు స్థిరపడిన మునుగోడు వాసులను పార్టీలు బండ్లు పెట్టి రప్పించాయి. సాయంత్రం 6 గంటలకు వరుసలో ఉన్నవాళ్లందరికీ ఓటు హక్కు ఉంటుంది. ప్రిసైడింగ్ అధికారి చివర నిలబడ్డ మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు చీటీలు పంచుతూ వస్తారు. ముందు నుంచి పంచితే వెనక కొత్తవాళ్లు చేరిపోతారు. ఆ రాత్రి చాలా కేంద్రాల్లో పోలింగ్ పొద్దుపోయేదాకా సాగింది.

నవంబరు 6న నల్లగొండలోని ఆర్జాలబావి గోదాములో లెక్కింపు. 21 టేబుళ్లు, 15 రౌండ్లు. 298ని 21తో భాగిస్తే 14 పూర్తి రౌండ్లు, ఇంకో నాలుగు కేంద్రాలు మిగులుతాయి, ఆ నాలుగింటిది చివరి రౌండు. కేంద్రాల నంబర్లు మండలం వారీగా ఉంటాయి కాబట్టి మొదట తెరిచింది చౌటుప్పల్ పెట్టెలు. రెండు, మూడు రౌండ్లలో బీజేపీ ముందంజలో ఉంది. టీవీల్లో కథ మారిపోతోందన్న చర్చ మొదలైంది. నిజానికి చౌటుప్పల్‌లో తనకు బలముందని బీజేపీ ముందునుంచే లెక్క వేసుకుంది. అక్కడ పెద్ద ఆధిక్యం రాకపోవడమే అసలు వార్త. తొలి రౌండ్లను నియోజకవర్గమంతటి ధోరణిగా చదివితే ఇలాగే పొరబడతాం. రౌండ్ల ప్రకటన ఆలస్యమవుతోందని ఫిర్యాదులు వచ్చాయి. 47 మంది ఓట్లు విడివిడిగా రాసి సరిచూడాల్సి వస్తోందని రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వివరణ ఇచ్చారు. ఒక్కో కంట్రోల్ యూనిట్ 48 అంకెలను ఒక్కొక్కటిగా చూపిస్తుంది. ఏజెంట్లు రాసుకోవాలి, అంకె తప్పితే మళ్లీ మొదటి నుంచి చూడాలి.

టీఆర్‌ఎస్ అభ్యర్థి కూసుకుంట్లకు 97,006, బీజేపీ తరఫున నిలబడ్డ రాజగోపాల్‌రెడ్డికి 86,697, కాంగ్రెస్‌కు 23,906. ఆధిక్యం 10,309. నాలుగుసార్లు వరుసగా గెలిచిన పాల్వాయి గోవర్ధన్‌రెడ్డి కుమార్తె స్రవంతి, ఈసారి హస్తం గుర్తు మీదే పోటీ చేసినా డిపాజిట్ దక్కించుకోలేకపోయారు. ఆరో వంతు అంటే 37 వేల పైన, ఆమె దానికి చాలా దూరంలో ఆగారు. కూసుకుంట్లకు 2018 కన్నా 22,319 ఓట్లు పెరిగాయి. అధికార యంత్రాంగం, ఊరూరా మోహరించిన మంత్రులు, కొత్త ఓటర్లు, అన్నీ ఆ పెరుగుదలలో ఉన్నాయి. అయితే ఈ ఎన్నికలో సీపీఐ, సీపీఎం రెండూ కారుకు మద్దతిచ్చాయి. 2014లో విడిగా లెక్కకు దొరికిన సీపీఐ ఓటు ఇరవై వేల పైచిలుకు. అందులో సగం బీజేపీ వైపు మళ్లినా ఫలితం తారుమారయ్యేది. పదివేల ఆధిక్యం ఎక్కడి నుంచి వచ్చిందో దీన్ని వదిలేసి చెప్పడం కుదరదు.

ఇలాంటి పోలికలు చేసేవారు రెండు చోట్ల జాగ్రత్త పడాలి. 2009 ఎన్నికల నుంచి అమలైన పునర్విభజనతో సరిహద్దులు మారాయి కాబట్టి అంతకు ముందు ఓట్ల అంకెలను ఇప్పటి అంకెలతో నేరుగా పోల్చకూడదు. గెలిచిన పార్టీ పేరు వరకు పోల్చవచ్చు. బూత్‌వారీ లెక్క ఫారం 20లో దొరుకుతుంది. కానీ ఓటర్లు పెరిగి కొత్త కేంద్రాలు వచ్చినప్పుడల్లా నంబర్లు జరుగుతాయి. 2018లో 120వ నంబరు, 2023లో 120వ నంబరు ఒకే ఊరు కాకపోవచ్చు. కేంద్రం పేరు, బడి పేరు చూసి జత చేయాలి.

2023 ఆగస్టు 21న బీఆర్‌ఎస్ తన అభ్యర్థుల జాబితాను వామపక్షాలకు సీటు వదలకుండా ప్రకటించేసింది. సీపీఐ కాంగ్రెస్ వైపు వెళ్లింది, సీపీఎం విడిగా పోటీకి దిగింది. అక్టోబరులో రాజగోపాల్‌రెడ్డి కాంగ్రెస్‌కు తిరిగొచ్చారు. డిసెంబరు 3న లెక్కింపులో ఆయనకు 1,19,624, కూసుకుంట్లకు 79,034. ఆధిక్యం 40,590. ఏడాదిలో రాజగోపాల్‌రెడ్డికి 32,927 ఓట్లు పెరిగాయి. ఉప ఎన్నికలో కాంగ్రెస్‌కు పడ్డ 23,906 మొత్తంగా ఆయనకే వచ్చాయనుకున్నా ఇంకో 9,021 వేరే చోట నుంచి రావాలి. ఆయన వదిలేసిన బీజేపీ కూడా అభ్యర్థిని నిలబెట్టి కొంత వెనక్కి లాక్కుంది కాబట్టి, వేరే చోట నుంచి వచ్చింది అంతకన్నా ఎక్కువే. అదే సమయంలో కారు నుంచి జారిపోయినవి 17,972.

ఇంకో అంకె కూడా చూడాలి. 2018లో ఓడినప్పుడు టీఆర్‌ఎస్‌కు వచ్చింది 74,687. 2023లో అంతకన్నా ఘోరంగా ఓడినప్పుడు వచ్చింది 79,034. ఆ పార్టీ సొంత ఓటు అయిదేళ్లలో తగ్గలేదు, నాలుగు వేలు పెరిగింది. ఎదుటివైపు మాత్రం ఈసారి కాంగ్రెస్, రాజగోపాల్‌రెడ్డి, సీపీఐ ముగ్గురూ ఒకే మీట మీద ఉన్నారు.